కరెంటు ఎక్కడ పడింది? జెల్‌తో రేడియేషన్ డోసు కొలవడం గురించి ఒక ప్రసంగం

(సైన్స్ డే రోజున డిగ్రీ కాలేజీ విద్యార్థులకు ఒక మెడికల్ ఫిజిసిస్ట్ ఇచ్చిన ప్రసంగానికి రాతరూపం)

అందరికీ నమస్కారం. కుర్చీలు చాలక వెనక గోడకి ఆనుకుని నిలబడ్డవాళ్లు మన్నించాలి. సైన్స్ డే కదా, రామన్ గారి గురించి చెబుతానని వచ్చి ఉంటారు. కాంతి ఎలా చెదురుతుందో చూసి ఆయన నోబెల్ తెచ్చుకున్నారు. నేను ఈరోజు చెప్పబోయే పనిలో మాకు పెద్ద తలనొప్పి ఆ చెదరడమే. ఎందుకో మధ్యలో వస్తుంది.

నేను పనిచేసేది కాన్సర్ ఆస్పత్రిలో, కానీ డాక్టర్ని కాను. మా అమ్మ చుట్టాలతో "మావాడు ఆస్పత్రిలో కరెంటు కొలుస్తాడు" అంటుంది. వాళ్లు లైన్‌మన్ అనుకుంటారు. (నవ్వులు) అమ్మ చెప్పింది తప్పేం కాదు. రేడియేషన్ వైద్యాన్ని మన వైపు "కరెంటు పెట్టడం" అనే అంటారు. "ఆయనకి గొంతులో గడ్డ, ముప్పై కరెంట్లు పెట్టారు" అంటారు. ఆ కరెంటు పెట్టాలనుకున్న చోటే పడిందా, అనుకున్నంతే పడిందా అని చూసుకోవడం నా ఉద్యోగం.

కొలవడం ఎందుకు కష్టమో ముందు చెబుతాను. డోసుకి యూనిట్ గ్రే. కిలో పదార్థంలో ఒక జూల్ శక్తి దిగితే ఒక గ్రే. ఒక మనిషికి ఒళ్లంతా ఒక్కసారిగా 4 గ్రేలు పడి, వైద్యం అందకపోతే బతకడం కష్టం. 70 కిలోల మనిషి అయితే ఆ శక్తి మొత్తం 280 జూళ్లు. వేడివేడి టీ ఒక చిన్న చెంచాడు కూడా అక్కర్లేదు, 3 మిల్లీలీటర్లు గొంతులో పోసుకుంటే దాదాపు అంత వేడే ఒంట్లోకి వెళ్తుంది. ఒక గ్రే పడిన నీళ్ల ఉష్ణోగ్రత పెరిగేది 0.00024 డిగ్రీలు. చేత్తో ముట్టుకుంటే తెలియదు, మామూలు థర్మామీటరుకీ తెలియదు. అంత చిన్న శక్తి డీఎన్ఏ తెంపేస్తుంది, ఎందుకంటే అది వేడిలా అంతటా పరుచుకోకుండా ఎలక్ట్రాన్ల రూపంలో గుచ్చుకుంటూ పోతుంది.

గొంతు గడ్డనే తీసుకుందాం. దానికి ఆరేడు వారాల్లో 66 నుంచి 70 గ్రేలు ఇస్తాం. ఆ పక్కనే, ఒకటి రెండు సెంటీమీటర్ల దూరంలో వెన్నుపాము ఉంటుంది. దానికి 45 దాటనివ్వం. అంటే వేలి మందమంత మేరలో డోసు నిట్టనిలువుగా పడిపోవాలి. అందుకే ఇప్పటి మిషన్లు తల చుట్టూ తిరుగుతూ, లోపలి సన్నటి టంగ్‌స్టన్ రేకుల్ని ప్రతి క్షణం ముందుకీ వెనక్కీ జరుపుతూ కిరణాన్ని మలుస్తాయి. కంప్యూటర్ తెర మీద రంగురంగులుగా బ్రహ్మాండంగా కనిపిస్తుంది. అది లెక్క మాత్రమే. నిజంగా పడిందా లేదా అన్నది వేరే సంగతి.

మామూలుగా మేం అయాన్ ఛాంబర్ అనే డోసు మీటరు పెడతాం. పెన్సిల్ లావు గొట్టం, లోపల 0.6 ఘన సెంటీమీటర్ల గాలి. ఒక్క బిందువు దగ్గర దీన్ని మించిన నమ్మకస్తుడు లేడు. కానీ డోసు నిట్టనిలువుగా పడిపోయే చోట పెడితే, పొలం గట్టు మీద సగం, మడిలో సగం మంచం వేసి నేల ఎత్తు చెప్పమన్నట్టు ఉంటుంది. సగటు చెబుతుంది, అంచు చెప్పదు. ఫిల్మ్ పెడితే అంచు చక్కగా కనిపిస్తుంది, కానీ ఒక్క పొరలోనే. పుచ్చకాయ ఒకచోట కోసి చూశాం, ఎర్రగా ఉంది. పక్కన నాలుగు వేళ్ల దూరంలో ఎలా ఉందో ఆ కోత చెప్పదు.

"కంప్యూటర్ లెక్క తప్పుతుందా సార్?" అని మీకు అనిపించవచ్చు. అమెరికాలో హ్యూస్టన్ నుంచి ఒక బృందం ఆస్పత్రులకి ప్లాస్టిక్ తల ఒకటి పోస్టులో పంపేది. మీ రోగికి చేసినట్టే దీనికి స్కాన్ తీసి, ప్లాన్ వేసి, కరెంటు పెట్టి తిరిగి పంపండి అనేది. లోపల ఫిల్మ్, చిన్న చిన్న డోసు గుళికలు ఉండేవి. వాళ్లు పెట్టిన హద్దు 7 శాతం, 4 మిల్లీమీటర్లు. మా దృష్టిలో అది చాలా ఉదారమైన హద్దు. 2008లో వాళ్లు లెక్కలు బయటపెడితే, దాదాపు 30 శాతం ప్రయత్నాలు ఆ హద్దులో కూడా ఇమడలేదు. అవన్నీ తమ మిషన్ సరిగ్గానే ఉందనుకున్న ఆస్పత్రులే. అది చదివిన రోజు నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు.

ఇక జెల్ సంగతికి వద్దాం. ఒళ్లు ఎక్కువగా నీరే కదా, నీళ్లలాంటి పదార్థాన్నే శరీరంలా నిలబెట్టి, రేడియేషన్ పడిన చోటల్లా అదే రంగు మారేలా చేస్తే? అప్పుడు బొమ్మా అదే, మీటరూ అదే. ఏ మూల కావాలంటే ఆ మూల డోసు చదువుకోవచ్చు.

దీని రసాయనం కొత్తదేం కాదు. 1927లో హ్యూగో ఫ్రికే, మోర్స్ అనే ఇద్దరు ఫెర్రస్ సల్ఫేట్ ద్రావణాన్ని డోసు కొలవడానికి వాడారు. రేడియేషన్ నీటిని చీలుస్తుంది, అందులోంచి పుట్టిన హైడ్రాక్సిల్ లాంటివి ఫెర్రస్ అనే ఇనుము రూపాన్ని ఫెర్రిక్ అనే ఇంకో రూపంగా మారుస్తాయి. ఎంత డోసు పడితే అంత ఫెర్రిక్. మీరు పర్మాంగనేట్‌తో టైట్రేషన్ చేసి ఫెర్రస్ ఎంతుందో తేలుస్తారే, ఆ మోర్ సాల్టే, అంటే ఫెర్రస్ అమ్మోనియం సల్ఫేటే, ఇక్కడా ముడిసరుకు. ఎండాకాలం పరీక్షల్లో మీ ప్రాణాలు తీసింది, ఇక్కడ ప్రాణాలు కాపాడే పనిలో ఉంది. (నవ్వులు)

ద్రావణం గ్లాసులో ఒకచోట నిలవదు, కలిసిపోతుంది. అందుకని 1984లో జాన్ గోర్ బృందం ఈ ద్రావణాన్ని జెల్‌లో బంధించి ఎంఆర్ఐలో చదవొచ్చని చూపించింది. ఫెర్రస్ కన్నా ఫెర్రిక్‌కి అయస్కాంత గుణం ఎక్కువ, నీటిలోని ప్రోటాన్లను ఎంఆర్ఐలో త్వరగా స్థిమితపరుస్తుంది. గొప్ప ఆలోచన. కానీ మన ఆస్పత్రుల్లో ఎంఆర్ఐ దగ్గర రోగుల క్యూ చూశారా? రాత్రి పదకొండింటికి సీసా పట్టుకుని వెళ్లి "ఒక్క అరగంట ఇస్తారా" అని బతిమాలాలి. కంటికి కనిపించే రంగు మార్పే ఉంటే మామూలు దీపం, కెమెరా చాలు కదా అన్న ఆలోచన ఇలాంటి ఇబ్బందుల్లోంచే వచ్చింది.

పారాణి తెలుసు కదా. పసుపులో సున్నం కలిపితే ఎర్రగా మారుతుంది. మా జెల్‌లో పసుపు చేసే పని జైలినాల్ ఆరెంజ్ అనే రంగు చేస్తుంది. ఆమ్లంలో అది పసుపు-నారింజగా ఉంటుంది. ఫెర్రిక్ అయాన్ దొరికితే పట్టేసుకుని నేరేడు పండు రంగులోకి తిరుగుతుంది. ఆ రంగు 585 నానోమీటర్ల దగ్గరి పసుపు కాంతిని బాగా మింగుతుంది. ఇక్కడ ఒక్క మాట చెప్పుకోవాలి. ట్రాంబేలోని భాభా అణు పరిశోధన కేంద్రంలో బీ.ఎల్. గుప్తా గారు ఫెర్రస్, బెంజోయిక్ ఆమ్లం, ఈ జైలినాల్ ఆరెంజ్ కలిపి తక్కువ డోసులు కొలిచే ద్రావణం తయారుచేశారు. జెల్ గురించి రాసిన విదేశీ పత్రాల్లో కూడా ఆ పని ప్రస్తావన వస్తుంది. మనవాళ్ల పని అంటే "వేదాల్లోనే ఉంది" అని గొప్పలు చెప్పుకుంటాం గానీ, ఇలాంటి గట్టి పని చేసినవాళ్ల పేర్లు మాత్రం పిల్లలకి చెప్పం.

తయారీ చెబుతాను, వంటలాగే ఉంటుంది. లీటరుకి 50 గ్రాముల జెలటిన్. ముందు చల్లటి శుద్ధజలంలో నానబెట్టాలి, సగ్గుబియ్యంలా ఉబ్బుతుంది. తర్వాత 45, 50 డిగ్రీల దాకా నెమ్మదిగా వెచ్చబెట్టి కరిగించాలి. మరిగించకూడదు. కాస్త చల్లారాక కొద్దిగా సల్ఫ్యూరిక్ ఆమ్లం, 0.2 గ్రాముల మోర్ సాల్ట్, 40 మిల్లీగ్రాముల లోపు రంగు వేయాలి. బుడగ రాకుండా గరిట తిప్పాలి. బుడగ వచ్చిందా, స్కాన్‌లో నల్లటి మచ్చ అయి కూర్చుంటుంది. గుండ్రటి సీసాలో పోసి రాత్రంతా ఫ్రిజ్‌లో పెడితే తెల్లారేసరికి లేత తాటి ముంజలా గట్టిపడుతుంది. పసుపు రంగు ముంజ అనుకోండి.

మొదటిసారి చేసినప్పుడు నా జెల్ రేడియేషన్ తగలకముందే వంకాయ రంగుకి తిరిగింది. రసాయనాలు పాడయ్యాయని రెండు సీసాల మోర్ సాల్ట్ పారేశాను. చివరికి తేలిందేమిటంటే, సీసా కడిగింది బోరు నీళ్లతో. అడుగున కంటికి ఆనీ ఆనని తుప్పు చార ఉంది. ఆమ్లం దాన్ని కరిగించింది, రంగు దాన్ని పట్టుకుంది. అది నిజాయితీగా తన పని తాను చేసింది, నేనే చేయలేదు. రెండోసారి ఇంకో ముచ్చట. రాత్రి డ్యూటీలో ఎవరో ఫోన్ ఛార్జింగ్ కోసం ఫ్రిజ్ ప్లగ్ పీకేశారు. ఏప్రిల్ నెల. జెలటిన్ జెల్ 30 డిగ్రీల దగ్గరికే కరగడం మొదలుపెడుతుంది. పొద్దున ఎవరో ప్లగ్ తిరిగి పెట్టేశారు కూడా, కాబట్టి చూడటానికి గట్టిగానే ఉంది. స్కాన్‌లో చూస్తే లోపలంతా అలలు. అప్పటినుంచి ఆ ప్లగ్ మీద టేపు వేసి ఉంచుతున్నాం.

సరే, సీసాకి కరెంటు పెట్టాం. లోపల నేరేడు రంగు మేఘం ఒకటి తేలింది. మొదటిసారి చూసినప్పుడు మాటలు రాలేదు. ఇన్నేళ్లుగా తెర మీద చూస్తున్న డోసు, చేతిలో పట్టుకున్న సీసాలో కనిపిస్తోంది. వంకరతో సహా, పక్కన వెన్నుపాము కోసం వదిలిన సొట్టతో సహా. ఇప్పుడు దాన్ని అంకెల్లోకి మార్చాలి.

ఒక సన్నటి కాంతి కిరణం సీసాలోంచి వెళ్తే ఎంత తగ్గి బయటికొస్తుందో కొలుస్తాం. మీరు చదివిన బీర్-లాంబర్ట్ సూత్రమే. ఒక సెంటీమీటరు సగం మింగితే రెండు సెంటీమీటర్లు ముప్పాతిక మింగుతాయి. లాగరిథమ్ తీసుకుంటే అది మామూలు కూడిక అవుతుంది. అంటే ఒక్కో కిరణం తన దారి పొడుగునా ఉన్న రంగు మొత్తం కూడి చెబుతుంది. విడివిడిగా చెప్పదు.

విడదీయడం ఎలా? ఒక కాగితం మీద రెండు వరుసల్లో నాలుగు గళ్లు గీయండి. ఏ గడిలో ఏ అంకె ఉందో చెప్పను. పై వరుస మొత్తం 7, కింది వరుస 11. ఎడమ నిలువు 8, కుడి నిలువు 10. చెప్పండి చూద్దాం. ఒకరు "3, 4, 5, 6" అంటున్నారు. ఇంకొకరు? "2, 5, 6, 5". రెండూ సరిపోయాయి! అడ్డం, నిలువు చాలలేదన్నమాట. ఇప్పుడు ఐమూలగా పై ఎడమ, కింది కుడి కలిపితే 9 అని చెబితే? మొదటి జవాబు ఒక్కటే మిగిలింది. అన్ని దిక్కులనుంచి చూస్తే లోపల ఉన్నది దొరుకుతుంది. ఈ గణితం 1917లోనే రాడాన్ రాసిపెట్టారు. దాన్నే హౌన్స్‌ఫీల్డ్ ఎక్స్‌రేలతో చేసి 1971లో మొదటి రోగి తలను స్కాన్ చేశారు. మేం ఎక్స్‌రే బదులు మామూలు కాంతి వాడతాం, మిగతాదంతా అదే. అందుకే ఆప్టికల్ సీటీ అంటారు. సీసాని కొంచెం కొంచెం తిప్పుతూ కొన్ని వందల ఫొటోలు తీసి కంప్యూటర్‌కి ఇస్తాం.

1996లో గోర్, మేరియాన్‌స్కీ వాళ్లు చేసిన మొదటి స్కానర్ సన్నటి లేజర్ కిరణాన్ని ఒక్కో గీతగా జరుపుతూ వెళ్లేది. నిక్కచ్చి, కానీ మొత్తం సీసా చదవాలంటే గంటలు గంటలు. తర్వాత వెనక ఎల్ఈడీ పలక, ముందు కెమెరా పెట్టి ఒక్క ఫొటోలో మొత్తం నీడ పట్టేయడం వచ్చింది. అయిదు పది నిమిషాల్లో అయిపోతుంది. కెనడాలోని లండన్ ఊళ్లో మోడస్ అనే కంపెనీ విస్టా పేరుతో ఇలాంటిది అమ్మకానికి తెచ్చింది. తొందరకి మూల్యం ఏమిటంటే, పక్క కిరణాల నుంచి చెదిరిన కాంతి కూడా కెమెరాలో పడుతుంది. చీకటిగా ఉండాల్సిన చోట కాస్త వెలుగు వస్తుంది, డోసు తక్కువ చూపిస్తుంది. ఇందాక రామన్ గారి పేరు చెప్పి తలనొప్పి అన్నది దీని గురించే. ఆయన చూసిన చెదరడంలో కాంతి రంగు కూడా మారుతుంది, మా దగ్గర మారదు. కానీ తిట్టుకునేటప్పుడు అంత తేడా చూడం.

ఇంకో తిప్పలు ఉంది. గాజు గ్లాసులో చెంచా వేస్తే విరిగినట్టు కనిపిస్తుంది కదా. గుండ్రటి సీసా కూడా అలాగే కాంతిని వంచేస్తుంది. అందుకని సీసాని ఒక తొట్టిలో ముంచి, జెల్‌కి సరిపోయే వక్రీభవన గుణకం ఉన్న ద్రవం పోస్తాం. నీళ్లలో గ్లిజరిన్ కలుపుతూ సరిచేసుకోవచ్చు. కుదిరిందా లేదా కనుక్కోవడం తేలిక. కుదిరితే సీసా దాదాపు మాయమవుతుంది, రంగు మేఘం ఒక్కటే తొట్టిలో తేలుతుంది. కలిపాక ఆగాలి. చక్కెర పాకం నీళ్లలో పోస్తే తీగలు తీగలుగా కనిపిస్తుంది చూడండి, ఆ తీగలు పోయేదాకా ఆగాలి. ఓపిక లేనివాడు ఈ పనికి పనికిరాడు. కానీ మరీ ఓపిక పట్టినా కుదరదు. ఎందుకంటే లోపల ఫెర్రిక్ అయాన్లు కదులుతూనే ఉంటాయి. జైలినాల్ ఆరెంజ్ కాస్త పట్టి ఉంచుతుంది గానీ, రెండు గంటలు దాటితే నిక్కచ్చిగా ఉన్న అంచు తడి కాగితం మీద సిరాలా అలుక్కుపోతుంది. ఒక పక్క ద్రవం నిలకడ కావాలి, ఇంకో పక్క గడియారం తిరుగుతోంది. ఆ టెన్షన్ మాకు మామూలే.

రేడియేషన్‌కి ముందొకసారి, తర్వాతొకసారి స్కాన్ చేసి ఒకదాన్ని ఇంకొకదానితో భాగిస్తాం. సీసా మీద గీతలు, మరకలు అన్నీ కొట్టుకుపోతాయి. సీసా మీద మార్కరుతో గీత పెట్టుకుని, రెండోసారి అదే వైపు పెట్టాలి. చిన్న విషయమే. గీత పెట్టడం మర్చిపోయి ఒక రోజంతా పోగొట్టుకున్నవాడు మీ ముందే నిలబడి ఉన్నాడు.

అంచు అలుక్కుపోకూడదంటే వేరే జెల్స్ ఉన్నాయి. కోడిగుడ్డు తెల్లసొన వేడి తగిలితే తెల్లగా గడ్డకడుతుంది, మళ్లీ కరగదు. పాలిమర్ జెల్ కూడా అంతే. రేడియేషన్ తగిలిన చోట చిన్న అణువులు గొలుసులుగా ముడిపడి తెల్లబడతాయి, ఇక కదలవు. 1993లో వచ్చింది. దానికి శత్రువు ఆక్సిజన్, ఏమాత్రం ఉన్నా గొలుసు కట్టనివ్వదు. నత్రజని నింపిన పెట్టెలో చేతులు పెట్టి వండాల్సి వచ్చేది. 2001లో విటమిన్ సీ, కాస్త మైలుతుత్తం కలిపి ఆ ఆక్సిజన్‌ని తినిపించేశారు. దానికి మ్యాజిక్ అని పేరు పెట్టుకున్నారు, కాదనలేం. కానీ పాలలా తెల్లబడితే కాంతి చెదురుతుంది. దాన్ని కాంతితో చదవడం కష్టం, ఎంఆర్ఐకే బాగుంటుంది. పైగా కొన్నింటిలో వాడే అక్రిలమైడ్ నరాలకి విషం.

ప్రెసేజ్ అనేది ఇంకొకటి. జెల్ కాదు, గాజులా కనిపించే పాలీయురితేన్ దిమ్మ. లోపల రంగులేని రూపంలో మలకైట్ గ్రీన్ ఉంటుంది, రేడియేషన్ తగిలితే ఆకుపచ్చబడుతుంది. పచ్చిమిర్చికి, బఠాణీలకి నిగనిగ కోసం దొంగచాటుగా పూసే నిషేధిత రంగు అదే. దిమ్మ కాబట్టి సీసా అక్కర్లేదు, అలుక్కుపోదు, కాంతిని చెదరగొట్టదు, మింగుతుంది అంతే. ఒక్కసారికే పనికొస్తుంది, ధర ఎక్కువ.

ఇంత బాగుంటే ప్రతి ఆస్పత్రిలో ఎందుకు లేదు? ఈ ప్రశ్నకి నాది సొంత అభిప్రాయం. 2001లో అమెరికా పరిశోధకులు ఒక లక్ష్యం పెట్టారు: ఒక మిల్లీమీటరు వివరం, గంటలోపు స్కాన్, 3 శాతం లోపు తప్పు, మళ్లీ మళ్లీ కొలిచినా 1 శాతం లోపు తేడా. మంచి ల్యాబ్‌లో అది అందుతుంది. కానీ రోజుకి ఎనభై మందికి కరెంటు పెట్టే చోట, ముందురోజు సాయంత్రం వండి, పొద్దున వెచ్చబరిచి, రెండు గంటల్లో చదివి, మళ్లీ సీసా కడిగే తీరిక ఎవరికుంది? డయోడ్‌లు, అంటే డోసు పసిగట్టే చిన్న చిన్న ఎలక్ట్రానిక్ బిళ్లలు, వందల కొద్దీ ఉన్న పలకను మంచం మీద పెడితే అయిదు నిమిషాల్లో అంకె వస్తుంది. అందరూ దాన్నే వాడతారు, నేనూ వాడతాను. కాకపోతే ఆ అంకె 98 శాతం బిందువుల్లో డోసు సరిపోయిందన్నా, మిగిలిన 2 శాతం సరిగ్గా వెన్నుపాము దగ్గరే ఉందేమో అది చెప్పదు. కొత్త మిషన్ వచ్చినప్పుడు, కొత్త పద్ధతి మొదలుపెట్టినప్పుడు, మెదడులో శనగగింజంత గడ్డకి ఒకేసారి పెద్ద డోసు ఇవ్వబోయే ముందు, మా ఊహ మొత్తాన్ని ఒక్కసారి సీసాలో చూసుకోవాలి. ఏడాదికి మూడు నాలుగు సార్లు చాలు. ఆ మూడు సార్లకీ తీరిక లేదనే ఆస్పత్రి కొత్త మిషన్ కొనకపోవడమే మంచిదని నేను అంటాను. ఇలా అన్నానని నన్ను కొన్ని మీటింగులకి పిలవడం మానేశారు. (నవ్వులు)

ప్రశ్నలుంటే అడగండి.

(ఒక విద్యార్థిని: సార్, ఆ జెల్‌ని రోగికి పెట్టి కొలవొచ్చా?)

రోగి లోపల పెట్టలేమమ్మా. రోగి బదులు పెడతాం. రోగి సీటీ స్కాన్ తీసుకుని అదే ఆకారంలో త్రీడీ ప్రింటర్‌తో తల అచ్చు వేసి లోపల పాలిమర్ జెల్ నింపే కంపెనీ గ్రీసులో ఉంది. అచ్చం రోగి తలే, కాకపోతే లోపల మెదడు బదులు డోసు గుర్తుపెట్టుకునే జెల్ ఉంటుంది.

(ఇంకో విద్యార్థి: మా ల్యాబ్‌లో చేయొచ్చా సార్? రేడియేషన్ లేదు కదా.)

రేడియేషన్ లేకుండా సగం పని చేయొచ్చు. జెల్ వండండి, మోర్ సాల్ట్ బదులు పైన ఒక చుక్క పలుచటి ఫెర్రిక్ క్లోరైడ్ వేయండి. అరగంటకొక ఫొటో తీయండి. నేరేడు రంగు ఎంత దూరం పాకిందో స్కేలు పెట్టి కొలవండి. మేం రెండు గంటల్లో ఎందుకు పరిగెత్తుతామో మీకే తెలుస్తుంది. స్కానర్ కావాలంటే తెల్లటి ఎల్ఈడీ పలక, చతురస్రపు గాజు తొట్టి, తిరిగే పీట, ఒక ఫోన్ చాలు. సీసాని రెండేసి డిగ్రీలు తిప్పుతూ ఫొటోలు తీయండి. లెక్క మీ కంప్యూటర్ సార్ పైథాన్‌లో చేయించగలరు. గ్లౌజులు వేసుకోండి, ఆమ్లం కెమిస్ట్రీ మేడమ్ ముందే కలపండి, సీసా మాత్రం బోరు నీళ్లతో కడగొద్దు.